వేరే దేశంలో బైక్ తోలాలంటే కాగితాలు ఎట్లా రెడీ చేస్కోవాలి

నాకు కర్నూల్లో చిన్న నెట్ సెంటర్ ఉంది. లైసెన్స్ పనుల మీద వచ్చేవాళ్ళే ఎక్కువ, ఎల్‌ఎల్‌ఆర్ అంటే లెర్నింగ్ లైసెన్స్ స్లాట్ బుక్ చేయడం, రెన్యువల్, అడ్రస్ మార్పు, పొద్దున తొమ్మిదికి షటర్ ఎత్తితే రాత్రి ఎనిమిది దాకా ఇవే పనులు. రెండు మూడేళ్ళ నుంచి ఇంకో రకం జనం కూడా వస్తున్నారు. "అన్నా, థాయ్‌లాండ్ పోతున్నాం, ఆడ స్కూటీ తోలొచ్చా?" అని ఒకరు, "నేపాల్‌కి బండ్ల మీదే పోతున్నాం, ఏమేం కావాలి?" అని ఇంకొకరు, కడప, రాయచోటి వైపు నుంచి అయితే కువైట్‌కి డెలివరీ పనికి పోయే పిల్లోళ్ళు. వాళ్ళందరికీ కౌంటర్ దగ్గర నిలబడి చెప్పేదే ఇక్కడ వరసగా రాస్తున్నా, కొంచెం ఓపిగ్గా చదవండి, ఎందుకంటే ఇందులో ఒక్క కాగితం తప్పినా దాని దెబ్బ పోలీసోళ్ళ ఫైన్‌తో ఆగదు.

మా మేనమామ కొడుకు బెంగళూరులో జాబ్ చేస్తాడు, ఫ్రెండ్స్‌తో థాయ్‌లాండ్‌లోని ఫుకెట్ పోయినాడు. లైసెన్స్‌లో బైక్, కార్ రెండూ ఉన్నాయి, ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ అంటే ఐడీపీ తీస్కున్నాడు, ట్రావెల్ ఇన్సూరెన్స్ ఉంది, హెల్మెట్ పెట్టుకున్నాడు, చుక్క తాగలేదు. పటాంగ్ నుంచి కరోన్ పోయే గుట్ట రోడ్డులో వాన పడి తడిసిన మలుపులో స్కూటర్ జారింది, భుజం ఎముక విరిగింది, ఆపరేషన్ చేసి ప్లేట్ వేసినారు. బిల్లు మన డబ్బుల్లో నాలుగు లక్షల పైనే. క్లెయిమ్ పెడితే కంపెనీవాళ్ళు ఐడీపీ అన్ని పేజీలూ స్కాన్ చేసి పంపమన్నారు, పంపినాక తెలిసింది ఏందంటే ఆ పుస్తకంలో కార్ గడి ఎదురుగా మాత్రమే స్టాంప్ ఉంది, బైక్ గడి ఖాళీ. లైసెన్స్‌లో బైక్ ఉంది కదా సార్ అని ఎన్ని మెయిల్స్ పెట్టినా ఆ దేశంలో చెల్లే పర్మిట్ లేకుండా తోలినట్టే లెక్క అని క్లెయిమ్ కొట్టేసినారు. మా మామ చేను మీద అప్పు తెచ్చి కట్టినాడు. ఆ పుస్తకం ఇచ్చినోళ్ళూ చూడలేదు, తీస్కున్నోడూ చూడలేదు, బండి అద్దెకిచ్చినోళ్ళూ చూడలేదు. అప్పటినుంచి నేను ఏ కాగితం చేతికొచ్చినా ఒకటే చూస్తా, రేపు బండి పడితే ఇది నిలబడుతుందా లేదా అని. మీరు కూడా కింద చెప్పేవన్నీ ఆ లెక్కలోనే చూస్కోండి.

ముందు మీరు ఏ లెక్కలోకి వస్తారో తేల్చుకోండి

మూడు రకాలు. ఫ్లైట్‌లో పోయి ఆడ బండి అద్దెకి తీస్కునేవాళ్ళు ఒక రకం. మన ఏపీ నంబర్ బండినే బోర్డర్ దాటించేవాళ్ళు రెండో రకం. పనికో చదువుకో పోయి ఆడే ఉండిపోయేవాళ్ళు మూడో రకం. మొదటి రకానికి ఐడీపీ, ఇన్సూరెన్స్ ముఖ్యం, రెండో రకానికి వాటితో పాటు బండి కాగితాలు, కస్టమ్స్ కాగితాలు కావాలి, మూడో రకానికి ఐడీపీ దాదాపు పనికి రాదు. ఈ మూడోది తెలియక గల్ఫ్ పోయి ఇరుక్కున్నోళ్ళు మన దగ్గర చాలామంది ఉన్నారు, దాని గురించి చివర్లో చెప్తా.

ఇంట్లో ఉన్న లైసెన్స్ బయటికి తీయండి

అన్నిటికీ మూలం ఇదే. కార్డ్ తిప్పి వెనక చూడండి, ఏ బండ్లకి అర్హత ఉందో కోడ్‌లో ఉంటుంది, ఎమ్‌సీడబ్ల్యూజీ అంటే గేర్ ఉన్న మోటార్ సైకిల్, ఎల్‌ఎమ్‌వీ అంటే కార్. మనోళ్ళలో చాలామందికి పదిహేనేళ్ళప్పటి నుంచి పల్సర్ తోలే అలవాటు ఉంటుంది గానీ లైసెన్స్ తీస్తే ఒట్టి ఎల్‌ఎమ్‌వీ ఉంటుంది, ఎప్పుడో కార్ నేర్చుకున్నప్పుడు డ్రైవింగ్ స్కూల్ వాళ్ళు చేయించింది. ఊర్లో ఎవరూ అడగరు కాబట్టి గుర్తు రాదు. అట్లా ఉంటే ఐడీపీలో బైక్ స్టాంప్ రాదు, ముందు బైక్ క్లాస్ యాడ్ చేయించుకోవాలి, దానికి మళ్ళీ ఎల్‌ఎల్‌ఆర్ తీస్కోవాలి, 30 రోజులు ఆగాలి, ట్రాక్ మీద టెస్ట్ పాస్ కావాలి. అంటే ప్రయాణానికి కనీసం రెండు నెలల ముందే ఈ పని మొదలుపెట్టాలి, టికెట్ బుక్ అయినాక వచ్చి "అన్నా వచ్చే ఆదివారం ఫ్లైట్" అంటే నేనేం చేయలేను, ఎవరూ చేయలేరు.

గేర్ లేని బండికి మాత్రమే లైసెన్స్ ఉన్నోళ్ళు, అంటే ఎమ్‌సీడబ్ల్యూఓజీ వాళ్ళు, ఆడ కూడా స్కూటర్‌తోనే సరిపెట్టుకోండి. ఐడీపీలో గేరు ఉన్నది లేనిది అని విడిగా గడులు ఉండవు కాబట్టి తోలేయొచ్చు అనిపిస్తుంది, కానీ యాక్సిడెంట్ అయితే అసలు లైసెన్స్ కూడా అడుగుతారు.

గడువు ఎప్పటిదాకా ఉందో చూస్కోండి. ఐడీపీ ఏడాది ఇస్తారు గానీ మీ లైసెన్స్ ఆరు నెలల్లో అయిపోతుంటే దాంతోపాటే ఐడీపీ కూడా అయిపోతుంది, కాబట్టి రెన్యువల్ దగ్గర్లో ఉంటే అది ముందు చేయించండి. పాత బుక్కు లైసెన్స్ ఉన్నోళ్ళు కార్డ్‌లోకి మార్చుకోవాలి. ఇంకోటి, డిజిలాకర్‌లో ఉంది కదా, ఫోన్‌లో చూపిస్తా అనుకోవద్దు, అది మన టోల్ గేట్ దగ్గర మన పోలీస్‌కి చెల్లుతుంది, ఫుకెట్ పోలీస్‌కి డిజిలాకర్ అంటే ఏందో తెలియదు. ప్లాస్టిక్ కార్డ్ చేతిలో ఉండాల్సిందే. కార్డ్ పోగొట్టుకున్నోళ్ళు డూప్లికేట్‌కి పెట్టుకోండి.

ఇంటిపేరు దగ్గర ఆగండి

నా దగ్గరికి వచ్చే పది అప్లికేషన్లలో నాలుగైదు ఈడే ఆగుతాయి, అందుకే దీని గురించి కొంచెం ఎక్కువ చెప్తా. మన పద్ధతిలో ఇంటిపేరు ముందు వస్తుంది, అదీ ఒక అక్షరంగా. టెన్త్ సర్టిఫికెట్‌లో బి. మహేశ్వర రెడ్డి అని ఉంటుంది, లైసెన్స్‌లో కూడా అట్లే ఉంటుంది, ఆధార్‌లో బోయ అనో బొజ్జా అనో పూర్తిగా రాసి ఉంటుంది, పాస్‌పోర్ట్‌కి వచ్చేసరికి సర్‌నేమ్ గడి వేరు, గివెన్ నేమ్ గడి వేరు కాబట్టి ఇంటిపేరు ఒక చోట, మిగతాది ఇంకో చోట పడుతుంది. కొంతమందికి సర్‌నేమ్ గడి ఖాళీగానే వదిలేసి ఉంటారు. ఈ మూడూ ఒక్క మనిషివే అని మనకి తెలుసు, ఆఫీసులో కూర్చున్నోళ్ళకి తెలుసు, కానీ వేరే దేశంలో ఇన్సూరెన్స్ ఫైల్ చూసేవాళ్ళకి తెలియదు, వాళ్ళకి ఇద్దరు మనుషుల కాగితాలు కలిపినట్టు కనపడుతుంది.

కాబట్టి ముందు పాస్‌పోర్ట్ తెరిచి కింద రెండు లైన్లలో బాణం గుర్తులతో పేరు ఎట్లా ఉందో చూడండి, అదే మీకు ప్రమాణం. దానికి తగ్గట్టు లైసెన్స్‌లో పేరు మార్పించుకోండి, ఎక్స్‌పాన్షన్ ఆఫ్ ఇనిషియల్ అని ఆర్‌టీఓ ఆఫీసులో చెప్తే వాళ్ళకి అర్థమవుతుంది. పుట్టిన తేదీ కూడా చూడండి. మా ఊర్ల వైపు బడిలో వేసేటప్పుడు అయ్యవారు జూన్ ఒకటో తారీఖు రాసేసినోళ్ళు ఎంతోమంది, ఒక కాగితంలో అది ఉంటుంది ఇంకో దాంట్లో అసలుది ఉంటుంది. ఇది అన్నిటికన్నా పెద్ద తలనొప్పి, మిగతా పనులన్నీ ఆపి ముందు ఇది సరిచేయించుకోండి. ఇన్సూరెన్స్ తీస్కునేటప్పుడు, బండి అద్దె కాగితం రాసేటప్పుడు కూడా పాస్‌పోర్ట్‌లో ఉన్న పేరే, అదే స్పెల్లింగ్‌తో రాయించండి. ముద్దుపేరు, పొట్టిపేరు వద్దు.

ఐడీపీకి అప్లై చేయడం

రవాణా శాఖ పరివాహన్ సైట్‌లో సారథి లోకి పోండి, రాష్ట్రం ఆంధ్రప్రదేశ్ పెట్టుకోండి, లైసెన్స్ సర్వీసుల్లో ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ అని ఉంటుంది. లైసెన్స్ నంబర్, పుట్టిన తేదీ కొడితే మీ వివరాలు వస్తాయి, ఏ దేశం, ఎన్నాళ్ళు అని నింపాలి. ఫారం పేరు 4ఏ. ఫీజు 1000 రూపాయలు, మీద సర్వీస్ చార్జీ కొద్దిగా పడుతుంది. లైసెన్స్, పాస్‌పోర్ట్, ఫోటోలు తప్పనిసరి, వీసా ఉంటే వీసా, ఫ్లైట్ టికెట్ కూడా జతచేసుకోండి. 2021 జనవరిలో కేంద్రం రూల్ మార్చి ఐడీపీకి మెడికల్ సర్టిఫికెట్, వీసా అవసరం లేదని చెప్పింది, ఎందుకంటే చాలా దేశాల్లో దిగినాకే వీసా ఇస్తారు, ఇక ముందే వీసా చూపించమంటే ఎట్లా. అయినా కౌంటర్ దగ్గర అడిగితే మళ్ళీ ఇంటికి తిరగకుండా ఫారం 1ఏ మీద డాక్టర్ సంతకం ఒకటి చేయించి ఫైల్‌లో పెట్టుకుంటే పనవుతుంది, నేనైతే అందరికీ అదే చెప్తా. వెరిఫికేషన్‌కి ఒరిజినల్స్ తీస్కుని మీ లైసెన్స్ ఉన్న ఆర్‌టీఓ ఆఫీస్‌కే పోవాలి, అంటే అనంతపురం లైసెన్స్ ఉన్నోళ్ళు కర్నూలుకి వస్తే తిప్పి పంపుతారు.

మరీ ముందుగా కూడా తీస్కోవద్దు. ఏడాది అనేది పుస్తకం ఇచ్చిన రోజు నుంచి లెక్క, మీరు ఆడ దిగిన రోజు నుంచి కాదు. దాన్ని పొడిగించడం ఉండదు, అయిపోతే కొత్తది తీస్కోవాలి. విదేశంలో ఉండగా గడువు అయిపోతే ఆడి మన ఎంబసీ ద్వారా అప్లై చేసే వీలు కూడా ఆ 2021 రూల్‌లోనే పెట్టినారు.

ఆన్‌లైన్‌లో "ఇంటర్నేషనల్ లైసెన్స్, పదేళ్ళ వాలిడిటీ, రెండు రోజుల్లో ఇంటికి కొరియర్" అని ప్లాస్టిక్ కార్డులు అమ్మే సైట్లు ఉన్నాయి. మన ఐడీపీ 1949 జెనీవా ఒప్పందం లెక్కలో ఇచ్చేది, దాని గడువే ఏడాది. పదేళ్ళది అంటే అది ఉత్త ప్లాస్టిక్ ముక్క. ఆరేడు వేలు పెట్టి కొని మెడలో వేస్కుని తిరిగినోళ్ళని చూసినా, దయచేసి ఆ పని చేయొద్దు.

పుస్తకం చేతికొచ్చినాక కౌంటర్ దగ్గరే నిలబడి చూడండి

ఐడీపీ అంటే బూడిద రంగు అట్ట ఉన్న చిన్న పుస్తకం, చొక్కా జేబులో పడుతుంది. లోపల ఒకటే విషయం వేరే వేరే భాషల్లో ఉంటుంది. వెనక మీ ఫోటో ఉన్న పేజీ దగ్గరికి పోండి, ఏ, బీ, సీ, డీ, ఈ అని ఐదు గడులు ఉంటాయి. ఏ అంటే మోటార్ సైకిళ్ళు, సైడ్ కార్ ఉన్నా లేకపోయినా, ఇంకా 400 కేజీలు దాటని మూడు చక్రాల బండ్లు. బీ అంటే కార్. ఏ ఎదురుగా స్టాంప్ పడిందా లేదా, పడితే సగం పడి చెరిగిపోయిందా, ఫోటో మీద స్టాంప్ ఉందా, అధికారి సంతకం ఉందా, మీ సంతకం చేసే చోట మీరు చేసినారా, పేరు పాస్‌పోర్ట్ లెక్కనే ఉందా. వెనక లైన్‌లో నిలబడినోళ్ళు "బేగి కానీ అన్నా" అంటారు, అననీండి. మా వాడు ఆ రోజు ఆడ ఒక్క నిమిషం నిలబడి చూసి, కౌంటర్‌లో ఉన్నాయనతో "సార్, బైక్‌కి కూడా వేయండి" అని అడిగి ఉంటే అప్పుడే వేసి ఇచ్చేవాళ్ళు, ఫీజు కూడా పడేది కాదు.

ఇంకో మాట, ఐడీపీ అనేది సొంతంగా లైసెన్స్ కాదు, మీ లైసెన్స్‌కి అనువాదం లాంటిది. ఒరిజినల్ లైసెన్స్ ఇంట్లో బీరువాలో పెట్టి ఐడీపీ ఒకటే తీస్కుపోతే చెల్లదు, రెండూ జేబులో ఉండాలి. లామినేషన్ మాత్రం చేయించొద్దు, జాగ్రత్త అనుకుని చేయిస్తారు గానీ స్టాంప్ అసలుదా కాదా అని తడిమి చూసేవాళ్ళకి అది అనుమానం పుట్టిస్తుంది.

పోయే దేశం దీన్ని ఒప్పుకుంటుందా

ఐడీపీ పేరులో ఇంటర్నేషనల్ ఉందని అన్ని దేశాల్లో చెల్లుతుందనుకోవద్దు. ఇందులో రెండు ఒప్పందాలు ఉన్నాయి, 1949 జెనీవాది, 1968 వియన్నాది. కొన్ని దేశాలు రెండూ ఒప్పుకుంటాయి, కొన్ని ఒకటే. మన దగ్గర ఇచ్చేది 1949ది.

జపాన్ 1949దే అడుగుతుంది కాబట్టి మన పుస్తకం ఆడ పనికొస్తుంది, దిగిన రోజు నుంచి ఏడాది లేదా పుస్తకం గడువు, ఏది ముందు అయిపోతే అంతవరకు. థాయ్‌లాండ్‌లో కూడా మన ఐడీపీ బైక్ స్టాంప్‌తో చెల్లుతుంది, పైగా ఆడ కూడా మన లెక్కనే ఎడమ పక్క తోలడం. వియత్నాం దగ్గర మాత్రం జాగ్రత్త. వియత్నాం 2014లో 1968 ఒప్పందంలో చేరింది, ఆ మోడల్ పుస్తకమే వాళ్ళు చూస్తారు, మన 1949 పుస్తకం చూపిస్తే చెల్లదంటారు. హనోయ్‌లో బండి అద్దెకి ఇచ్చేవాళ్ళు ఏమీ అడక్కుండా తాళం ఇచ్చేస్తారు, అది చూసి అంతా సరిగ్గా ఉందనుకుని మనోళ్ళు హా జియాంగ్ కొండల్లోకి పోతారు, ఆడ చెకింగ్ గట్టిగా ఉంటుంది, అంతకన్నా ముఖ్యం ఆ ఘాట్లలో పడితే ఇన్సూరెన్స్ రాదు. హా జియాంగ్ చూడాలని మనసు ఉంటే లోకల్ డ్రైవర్‌ని పెట్టుకుని వెనక కూర్చుని పోండి, ఈజీ రైడర్ అంటారు, వేలమంది అట్లే పోతారు, కొండలు వెనక సీట్లో నుంచి కూడా కనపడతాయి.

శ్రీలంకలో ఐడీపీ ఒక్కటే సరిపోదు, దాని మీద ఆడి వాళ్ళు ఇచ్చే లోకల్ పర్మిట్ కూడా తీస్కోవాలి, కాబట్టి బండి బుక్ చేసే ముందే ఆ పర్మిట్ మోటార్ సైకిల్‌కి ఇస్తారా అని అడిగి తెలుసుకోండి. అమెరికాలో రాష్ట్రానికో రూల్, పోయే రాష్ట్రం పేరు పెట్టి వాళ్ళ మోటార్ వాహనాల శాఖ సైట్‌లో చూడాల్సిందే. బాలి పోయేవాళ్ళు కూడా బైక్ స్టాంప్ లేకుండా పోవద్దు. మిగతా ఏ దేశమైనా సరే ఆ దేశ ఎంబసీకి ఒక మెయిల్ పెట్టండి, "1949 మోడల్ ఐడీపీతో మోటార్ సైకిల్ తోలొచ్చా" అని సూటిగా అడగండి, జవాబు వస్తే ప్రింట్ తీసి దగ్గర పెట్టుకోండి.

ఇన్సూరెన్స్ పేపర్ చదవడం

పాలసీ కొనేటప్పుడు ముందు పేజీలో కవర్ ఎన్ని డాలర్లు అని పెద్ద అక్షరాలతో ఉంటుంది, ఆడ ఆగిపోవద్దు. పాలసీ వర్డింగ్స్ అని ముప్పై నలభై పేజీల పీడీఎఫ్ ఉంటుంది, అది డౌన్‌లోడ్ చేసి అందులో టూ వీలర్, మోటార్ సైకిల్ అనే మాటలు సెర్చ్ కొట్టండి. చాలా పాలసీల్లో బైక్ తోలుతుండగా జరిగినవి మినహాయింపుల్లో ఉంటాయి, కొన్నింట్లో ఇంత సీసీ వరకే అని ఉంటుంది, కొన్నింట్లో ఆ దేశంలో చెల్లే లైసెన్స్, హెల్మెట్ ఉంటేనే అని ఉంటుంది, మందు తాగితే ఎట్లాగూ ఎవరూ ఇవ్వరు. అర్థం కాకపోతే కంపెనీకి మెయిల్ పెట్టి "నేను ఫలానా దేశంలో 125 సీసీ స్కూటర్ అద్దెకి తీస్కుని తోలుతా, నా లైసెన్స్ ఇది, ఐడీపీ ఇది, పడితే హాస్పిటల్ ఖర్చు వస్తుందా" అని అడగండి. ఫోన్‌లో అడిగి "వస్తుంది సార్" అంటే నమ్మి ఊరుకోవద్దు, రాతలో ఉండాలి.

ఇది మీ ఒంటికి. బండికి, అవతలి మనిషికి వేరే ఇన్సూరెన్స్ ఉంటుంది, అది అద్దెకిచ్చేవాళ్ళది. థాయ్‌లాండ్‌లో ప్రతి బండికీ కంపల్సరీ ఇన్సూరెన్స్ ఉండాలి, అది ఉందా, గడువు ఉందా అని చూపించమనండి. దాంట్లో వచ్చేది తక్కువ, బండి డ్యామేజ్ అసలు రాదు, అది మీ మీదే పడుతుంది.

అద్దె షాపు దగ్గర

పాస్‌పోర్ట్ తాకట్టు పెట్టమంటారు. పెట్టొద్దు. పాస్‌పోర్ట్ షాపువాని సొరుగులో ఉండగా యాక్సిడెంట్ అయితే హాస్పిటల్లో, పోలీస్ స్టేషన్లో, ఎంబసీలో అన్నిచోట్లా మొదట అడిగేది అదే, ఆ షాపువాడు బండి డ్యామేజ్‌కి ఎంత చెప్తే అంత కట్టేదాకా ఇవ్వడు. క్యాష్ డిపాజిట్ కట్టి పాస్‌పోర్ట్ జిరాక్స్ ఇస్తామని చెప్పండి, ఒప్పుకోకపోతే పక్క షాపు. ఒప్పంద కాగితంలో మీ పేరు, బండి నంబర్, తేదీలు, డిపాజిట్ ఎంత అనేది రాసి ఉందా చూడండి, ఇద్దరు తోలేది ఉంటే ఇద్దరి పేర్లూ ఉండాలి. తాళం తీస్కునే ముందు బండి చుట్టూ తిరిగి ఫోన్‌లో వీడియో తీయండి, గీతలు, అద్దాలు, సైలెన్సర్, టైర్లు, కిలోమీటర్ల మీటర్, షాపు బోర్డు కూడా అందులో పడేటట్టు. రిజిస్ట్రేషన్ కాగితం కాపీ సీటు కింద ఉందో లేదో తెరిచి చూడండి.

సొంత బండి తీస్కుపోయేవాళ్ళకి

నేపాల్ అన్నిటికన్నా సులభం. కర్నూలు నుంచి 44వ నంబర్ హైవే మీద హైదరాబాద్, నాగ్‌పూర్ పోయి ఆడ నుంచి జబల్‌పూర్, ప్రయాగ్‌రాజ్, గోరఖ్‌పూర్ మీదుగా సునౌలి బోర్డర్ చేరొచ్చు, నేను ఇద్దరు ఫ్రెండ్స్‌తో ఈ రూట్‌లోనే పోయినా. మనకి వీసా వద్దు, పాస్‌పోర్ట్ గానీ ఓటర్ కార్డ్ గానీ పెట్టుకోండి, ఆధార్ మీద నమ్మకం పెట్టుకుని పోవద్దు. లైసెన్స్, ఆర్‌సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ అన్నీ ఒరిజినల్స్. గేటు దాటి బెలహియా వైపు పోయినాక కస్టమ్స్ ఆఫీస్ ఉంటుంది, ఆడ భన్సార్ తీస్కోవాలి, అంటే బండిని తాత్కాలికంగా లోపలికి తెచ్చినట్టు కట్టే రోజువారీ రుసుము. బండి నంబర్, ఎన్ని రోజులు అని రాసిస్తే డబ్బు కట్టించుకుని చీటీ ఇస్తారు, ఆ పక్కనే ట్రాన్స్‌పోర్ట్ పర్మిట్ ఇంకోటి తీస్కోవాలి. చీటీ నేపాలీలో ఉంటుంది, తారీఖులు వాళ్ళ క్యాలెండర్‌వి, మన లెక్కకి దాదాపు 57 ఏళ్ళు ముందు కనపడతాయి, అది చూసి కంగారు పడొద్దు, ఏ తారీఖు దాకా ఉందో మన లెక్కలో అడిగి చీటీ వెనక రాసుకోండి. మేము ఒకరోజు ఎక్కువకే కట్టినాం, దారిలో కొండచరియ విరిగిపడి సగం పూట నిలబడిపోయినప్పుడు అదే కాపాడింది. ఏడాదికి 30 రోజుల వరకే మన బండి ఆడ ఉండొచ్చు, గడువు దాటితే జరిమానా గట్టిగా పడుతుంది. తిరిగొచ్చేటప్పుడు ఆ చీటీ వాపసు ఇచ్చి రావాలి.

ఆర్‌సీ మీ పేరు మీదే ఉండాలి. నాయన పేరు మీదో అన్న పేరు మీదో ఉంటే వాళ్ళ సంతకంతో ఇంగ్లీష్‌లో ఒక అనుమతి లెటర్, నోటరీ చేయించి, వాళ్ళ ఐడీ జిరాక్స్ జతచేసి పెట్టుకోండి. సెకండ్ హ్యాండ్ బండి కొని పేరు మార్చకుండా తోలేవాళ్ళు ముందు ట్రాన్స్‌ఫర్ చేయించుకోండి. ఫైనాన్స్‌లో ఉన్న బండి అయితే ఫైనాన్స్ కంపెనీ నుంచి అభ్యంతరం లేదని లెటర్ తీస్కోండి.

మన బండి ఇన్సూరెన్స్ మామూలుగా ఇండియా లోపలే. ఇది చాలామందికి తెలియదు. నేపాల్, భూటాన్, బంగ్లాదేశ్, శ్రీలంక లాంటి పక్క దేశాలకి పాలసీని పొడిగించుకోవచ్చు, జియోగ్రాఫికల్ ఏరియా ఎక్స్‌టెన్షన్ అని అడగాలి, కొంచెం ప్రీమియం ఎక్కువ కడితే ఎండార్స్‌మెంట్ కాగితం ఇస్తారు. ఏజెంట్ "అదేం అవసరం లేదులే" అంటాడు, ఆయనకి తెలియక అంటాడు, మీరు కంపెనీ బ్రాంచ్‌కే పోయి అడగండి.

భూటాన్‌కి అయితే బోర్డర్ ఊరు ఫుంట్‌షోలింగ్ దగ్గర మనిషికి ఎంట్రీ పర్మిట్, బండికి విడిగా పర్మిట్. పాస్‌పోర్ట్ లేదా ఓటర్ కార్డ్. మన ఇండియన్స్‌కి రాత్రికి మనిషికి 1200 రూపాయల ఎస్‌డీఎఫ్, అంటే టూరిస్టుల మీద వేసే రుసుము, కట్టాలి, ఇది 2022 సెప్టెంబర్ నుంచి ఉంది, బడ్జెట్ వేసేటప్పుడు ఇది మర్చిపోతే లెక్క తప్పుతుంది.

ఇక ఇరాన్ మీదుగా యూరప్ పోదాం అనే పెద్ద ప్లాన్ ఉన్నోళ్ళకి కార్నెట్ కావాలి, కార్నె ద పాసాజ్ అని ఫ్రెంచ్ పేరు, బండికి పాస్‌పోర్ట్ లాంటిది. ముంబైలోని వెస్టర్న్ ఇండియా ఆటోమొబైల్ అసోసియేషన్ ఇస్తుంది, ఏడాది గడువు. బండిని ఆ దేశంలో అమ్మేయకుండా తిరిగి తెస్తారని హామీగా బండి విలువని బట్టి బ్యాంక్ గ్యారంటీ పెట్టాలి. ప్రతి పేజీ మూడు ముక్కలు, లోపలికి పోయేటప్పుడు ఒక ముక్క చించుకుంటారు, బయటికి వచ్చేటప్పుడు ఒకటి చించుకుంటారు, మూడోది మీ దగ్గర రెండు స్టాంపులతో మిగలాలి. ఎగ్జిట్ స్టాంప్ ఒక్క చోట తప్పితే మీ గ్యారంటీ డబ్బు ఇరుక్కుంటుంది, కాబట్టి అర్ధరాత్రి అయినా, వాన పడుతున్నా స్టాంప్ పడేదాకా బోర్డర్ కదలొద్దు. యూరప్ దేశాలకి కార్నెట్ అడగరు గానీ థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ బోర్డర్ దగ్గర కొనాలి. బండి వెనక ఐ, ఎన్, డీ అనే మూడు ఇంగ్లీష్ అక్షరాలు ఉన్న కోడిగుడ్డు ఆకారం స్టిక్కర్ కూడా అంటించుకోండి, అది మన దేశం గుర్తు.

పనికి, చదువుకి పోయేవాళ్ళకి

తమ్ముళ్ళూ, ఇది మీకే. గల్ఫ్‌లో అకామా, అంటే ఆడ ఉండే పర్మిట్, కొట్టించుకుని పనికి చేరినాక మీ ఐడీపీ పనికిరాదు, ఆ దేశం లైసెన్స్ తీస్కోవాల్సిందే, అందులోనూ బైక్‌కి విడిగా. దానికి క్లాసులు, కంటి టెస్ట్, రోడ్ టెస్ట్, ఫీజులు ఉంటాయి, నెలలు పట్టొచ్చు. "ఐడీపీ ఉంటే చాలు, దిగిన రోజు నుంచే డెలివరీ" అని ఏజెంట్ చెప్తే ఆయన అబద్ధం చెప్తున్నట్టే. లైసెన్స్ ఖర్చు ఎవరు కట్టాలి, లైసెన్స్ వచ్చేదాకా జీతం ఇస్తారా, బండి కంపెనీదా, బండికి ఇన్సూరెన్స్ ఉందా, ఫెయిల్ అయితే ఏం చేస్తారు, ఇవన్నీ ఒప్పంద పత్రంలో రాతపూర్వకంగా ఉండాలి. ఏజెంట్ పేరు మన ప్రభుత్వం ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో రిజిస్టర్ అయి ఉందో లేదో మీరే చూస్కోండి, ఐదు నిమిషాల పని, చేతకాకపోతే దగ్గర్లో ఉన్న ఏ నెట్ సెంటర్‌కి పోయినా చూసి పెడతారు. టెన్త్ పాస్ కానోళ్ళ పాస్‌పోర్ట్ మీద ఈసీఆర్, అంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తీస్కోవాలి అనే గుర్తు, ఉంటుంది, ఎమిగ్రేషన్ క్లియరెన్స్ లేకుండా విజిట్ వీసా మీద పంపిస్తా అంటే ఆడనే లేచి వచ్చేయండి.

చదువుకి యూకే పోయేవాళ్ళకి మన లైసెన్స్‌తోనే 12 నెలలు బైక్ తోలే వీలు ఉంది, లైసెన్స్‌లో బైక్ క్లాస్ ఉంటే. ఆ తర్వాత ఆడ మొదటి నుంచి మొదలు. జర్మనీలో ఆరు నెలలే.

పోయే ముందు రోజు

రెండు సెట్లు జిరాక్స్, ఒకటి బ్యాగ్‌లో ఒకటి ఇంట్లో అమ్మ దగ్గరో భార్య దగ్గరో. అన్నీ స్కాన్ చేసి ఫోన్‌లో నెట్ లేకపోయినా తెరుచుకునేటట్టు పెట్టుకోండి, ఐడీపీ స్టాంప్ పేజీ ముఖ్యంగా. ఇన్సూరెన్స్ వాళ్ళ ఎమర్జెన్సీ నంబర్ ఒక చీటీ మీద రాసి హెల్మెట్ లోపల పెట్టుకోండి, ఫోన్ పగిలిపోతే అదే దిక్కు.

ఒకవేళ పడితే, ప్రాణం తర్వాత మొదటి పని ఆ నంబర్‌కి ఫోన్ చేయడం, లేదా పక్కనున్నోళ్ళతో చేయించడం, ఎందుకంటే వాళ్ళకి చెప్పకుండా పెద్ద హాస్పిటల్లో చేరితే తర్వాత పేచీ పెడతారు. పోలీస్ రిపోర్ట్ తీస్కోకుండా ఊరు కదలొద్దు, అది వాళ్ళ భాషలో ఉన్నా పర్వాలేదు, స్టాంప్ ఉండాలి. బండి పడిన చోటు, రోడ్డు, మీ హెల్మెట్ ఫోటోలు తీయించండి. హాస్పిటల్ బిల్లులు ఒరిజినల్స్, డిశ్చార్జ్ సమ్మరీ ఇంగ్లీష్‌లో, ఎక్స్‌రే ఫిల్ములు, మందుల చీటీలు, బండి అద్దె ఒప్పందం, పాస్‌పోర్ట్‌లో ఆ దేశం ఎంట్రీ స్టాంప్ ఉన్న పేజీ, ఇవన్నీ ఒక కవర్‌లో వేస్కుని చేతి బ్యాగ్‌లోనే పెట్టుకుని రండి, చెకిన్ లగేజీలో వేయొద్దు.